ఒకేసారి పది పనులు మోసే డెస్క్‌టాప్: సరిహద్దు జిల్లాల దుకాణాలకు ప్రాసెసర్, మిగతా సామాను ఎంచుకునే పద్ధతి

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో గానీ, గుణుపురంలో గానీ, రాయగడలో గానీ ఉదయం పదకొండు గంటలకు ఏదైనా డీటీపీ దుకాణంలోకి వెళ్లి ఆ కంప్యూటర్ తెర చూడండి. కోరల్‌డ్రాలో పెళ్లి కార్డు ఉంటుంది, ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. ఫొటోషాప్‌లో పాస్‌పోర్టు ఫొటోలు. బ్రౌజర్‌లో భూమి రికార్డులు చూసే భూలేఖ్, ఆధార్, బ్యాంకు, స్కాలర్‌షిప్పు పేజీలు కలిపి పాతిక ముప్పై ట్యాబులు. వాట్సాప్ వెబ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వెనకాల లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ. స్కానర్ ఒక పక్క నడుస్తుంటుంది, ప్రింటర్ క్యూలో కాగితాలు నిలబడి ఉంటాయి. సరిగ్గా అప్పుడే మౌస్ గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది, ఎదురుగా నిలబడ్డ పెద్దాయన "ఇంకా అవలేదా బాబూ?" అంటాడు.

ఈ మార్గదర్శి ఆ దుకాణం కోసం, పెళ్లి వీడియోలు కట్ చేసే స్టూడియో కోసం, నాలుగు కంపెనీల లెక్కలు ఒకే మిషన్ మీద చూసే అకౌంటెంటు కోసం. వీడియోల్లో దొరికే సలహాలు ఎక్కువగా గేములు ఆడేవాళ్లను ఉద్దేశించినవి. వాళ్లు ఒక్క ప్రోగ్రామే నడుపుతారు, ఏసీ గదిలో కూర్చుంటారు, సర్వీస్ సెంటర్ వాళ్ల ఊళ్లోనే ఉంటుంది. మనకు మూడూ వేరు. అందుకే రెండు సూత్రాల మీదే మొత్తం చెబుతాను. పని ఎంతో కొలిచి కొనాలి. ఏ భాగం చెడిపోయినా, అది విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లి వచ్చేలోగా మన మిషన్ నడుస్తూనే ఉండేలా కొనాలి. రెండో సూత్రం గురించి ఎవరూ చెప్పరు, మనకు అదే ఎక్కువ ముఖ్యం.

ముందు కొలత, తర్వాతే కొనుగోలు

కొత్త మిషన్ ఆలోచన వచ్చిన రోజే డబ్బు తీయకండి. పాత మిషన్ మీద మీ రద్దీ వేళలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే పేజీ ఉంటుంది. మిషన్ మొరాయించిన క్షణంలో అక్కడి అంకెలు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే జబ్బు ఎక్కడుందో తేలిపోతుంది.

సీపీయూ గీత పదే పదే నూటికి నూరు తాకుతుంటే ప్రాసెసర్ చాలడం లేదు. సీపీయూ ముప్పై నలభై శాతంలోనే ఉండి, మెమరీ తొంభై దాటి, డిస్క్ నూరు శాతంలో కూర్చుంటే లోపం ర్యామ్‌ది, అంటే ఆ మెమరీది. మెమరీ కింద కమిటెడ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి, మొదటిది చూడండి. అది మీ ర్యామ్ కంటే పెద్దదిగా ఉంటే విండోస్ ర్యామ్ చాలక డిస్క్ మీద సర్దుకుంటూ ఉండొచ్చని అర్థం. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ మాత్రమే నూరులో ఉంటే పాత హార్డ్ డిస్కే అడ్డం.

గుణుపురంలో స్టూడియో నడిపే తమ్ముడొకడు "అన్నయ్యా, ఐ9 ప్రాసెసర్ తీసేసుకోనా? బండి అస్సలు కదలట్లేదు" అని అడిగాడు. ముందు ఆ పేజీ తెరవమన్నాను. 8 జీబీ ర్యామ్ నిండిపోయి ఉంది, సీపీయూ సగం కూడా వాడుకలో లేదు. అతను చేసేది పన్నెండు అంగుళాల ఎత్తు, ముప్పై ఆరు అంగుళాల వెడల్పు ఆల్బమ్ షీట్లు. లెక్క చూడండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఒక షీటంటే 3,600 నిలువు, 10,800 అడ్డం, అంటే 3.88 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు వేసుకుంటే ఒక్క లేయరే దాదాపు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండు, ఫొటోలు, పూల డిజైన్లు కలిపి షీటంతా పరుచుకునే లేయర్లు పది ఉంటే ఒక జీబీ దాటింది. ఫొటోషాప్ వెనక్కి వెళ్లడానికి దాచుకునే హిస్టరీ దాని పైన. అలాంటి షీట్లు నాలుగు తెరిచి పెడితే 8 జీబీ ఏ మూలకు చాలుతుంది? అతనికి కావలసింది ర్యామ్, ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు. ఐ9 కొని ఉంటే డబ్బూ పోయేది, బండీ కదిలేది కాదు.

మీ పాత మిషన్ ఇంటెల్ 8వ తరానికి ముందుదైతే ఇంకో సంగతి కూడా చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఆ పాత చిప్పులను అధికారికంగా ఒప్పుకోదు. బ్యాంకు పనులు, ఆధార్ పనులు చేసే మిషన్‌కు భద్రతా అప్‌డేట్లు లేకపోతే కుదరదు. అప్పుడు ర్యామ్ పెంచి నెట్టుకొచ్చే కంటే మార్చేయడమే మేలు.

ప్రాసెసర్: కోర్ల లెక్క, వాట్ల లెక్క

కోరంటే ప్రాసెసర్ లోపల పని చేసే ఒక్కో విభాగం, థ్రెడ్ అంటే అది ఒకేసారి నడిపే ఒక్కో పని వరుస. అన్ని ప్రోగ్రాములూ కోర్లను ఒకేలా వాడవు. ట్యాలీకి ఎన్ని కోర్లిచ్చినా పెద్ద తేడా రాదు, ఒక్క కోరు వేగం, డిస్కు వేగమే దానికి కావాలి. ఫొటోషాప్, కోరల్‌డ్రా చాలా పనులకు కొద్ది కోర్లతోనే సరిపెట్టుకుంటాయి. బ్రౌజర్ ట్యాబులు కోర్ల మీద సర్దుకుంటాయి. లైట్‌రూమ్ నుంచి వందల ఫొటోలు ఎక్స్‌పోర్ట్ చేయడం, వీడియో రెండర్ చేయడం (కట్ చేసినదాన్ని పూర్తి ఫైలుగా తీయడం), వర్చువల్ మిషన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) నడపడం, ఈ మూడే కోర్లను నిజంగా తినేస్తాయి. వీటిలో ఒకటి వెనకాల నడుస్తూ ముందు మీరు మామూలు పని చేసుకోవాలంటే ఎనిమిది మంచి కోర్లు ఉండాలి. అవేవీ లేకపోతే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు హాయిగా సరిపోతాయి.

ఇంటెల్ వైపు ఐ5-12400 ఇప్పటికీ గట్టి చిప్పే. ఆరు పెద్ద కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఐ5-14400లో ఆరు పెద్ద కోర్లతోపాటు నాలుగు చిన్న కోర్లు ఉంటాయి, మొత్తం పదహారు థ్రెడ్లు. ఐ5-14500లో చిన్న కోర్లు ఎనిమిది, థ్రెడ్లు ఇరవై. చిన్న కోర్లంటే చులకన వద్దు, రెండర్ పని వాటి మీదకు మళ్లి పెద్ద కోర్లు మీ ముందున్న పనికి మిగులుతాయి. మల్టీటాస్కింగ్‌కు, అంటే ఒకేసారి చాలా పనులు నడపడానికి, నచ్చే ఏర్పాటే ఇది. ఐ7-14700లో ఎనిమిది పెద్దవి, పన్నెండు చిన్నవి, ఇరవై ఎనిమిది థ్రెడ్లు. కానీ డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, పూర్తి బరువు పడ్డప్పుడు అది 219 వాట్ల దాకా వెళ్లగలదు. మే నెలలో, ఏసీ లేని దుకాణంలో, దానితో వచ్చే చిన్న ఫ్యానుతో ఆ వేడిని మోయించడం కుదరదు.

ఇంటెల్ 13, 14 తరాల గురించి ఒక హెచ్చరిక. వీటిలో కొన్ని డెస్క్‌టాప్ చిప్పులు, ముఖ్యంగా ఐ7, ఐ9 వంటి పెద్దవి, వోల్టేజీ లోపం వల్ల కాలక్రమేణా దెబ్బతిని మిషన్ తరచూ ఆగిపోవడం 2024లో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇంటెల్ చిప్పు నడకను దిద్దే మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, ఆ చిప్పులకు వారంటీని మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. కాబట్టి ఈ తరాల చిప్పు కొంటే మిషన్ బిగించిన మొదటి గంటలోనే బయోస్‌ను, అంటే మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్‌ను, తాజా వెర్షన్‌కు మార్చండి. ఈ తరాల ఐ7, ఐ9లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చాయని తీసుకోకండి, అవి ఏ బయోస్ మీద ఎన్నాళ్లు నడిచాయో మీకు తెలియదు. 12వ తరానికి ఈ జబ్బు లేదు.

ఏఎండీ వైపు ఏఎమ్5 సాకెట్ చిప్పులు చూడండి (సాకెట్ అంటే బోర్డు మీద చిప్పు కూర్చునే గూడు). రైజెన్ 5 7600లో ఆరు కోర్లు, రైజెన్ 7 7700లో ఎనిమిది, రైజెన్ 9 7900లో పన్నెండు. మూడూ 65 వాట్ల తరగతే, పూర్తి బరువు మీద కూడా 88 వాట్ల దగ్గర కట్టడి చేసుకుంటాయి. మూడింటి డబ్బాలోనూ కూలర్ వస్తుంది, 7700, 7900లతో వచ్చేది మంచి సైజున్నదే. ఈ గుణం మూలంగానే మన ప్రాంతానికి నేను మొదట చెప్పే పేరు రైజెన్ 7 7700. వేడి తక్కువ, యూపీఎస్ మీద బరువు తక్కువ, బయట కూలర్ వెతుక్కునే పని లేదు. ఏఎమ్5 సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. అంటే రెండు మూడేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా చిప్పు ఒక్కటే పెద్దది వేసుకోవచ్చు. ఇంటెల్ 12, 13, 14 తరాల సాకెట్‌కు ఆ దారి లేదు, దాని కథ 14వ తరంతో ముగిసింది.

మరి వీడియో స్టూడియోకి? అక్కడ నా సలహా మారుతుంది. మన వైపు పెళ్లి వీడియోలు చాలామంది ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కడతారు. ఎడియస్ చాలాకాలంగా ఇంటెల్ క్విక్ సింక్‌ను బాగా వాడుకుంటుంది. క్విక్ సింక్ అంటే ఇంటెల్ చిప్పులోనే ఉన్న గ్రాఫిక్స్ భాగం చేసే వీడియో పని. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో రంగుల వివరం ఎక్కువుండే హెచ్265, 4:2:2, 10 బిట్ ఫుటేజీ తీసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పులు 11వ తరం నుంచీ ఆ ఫుటేజీని తమ గ్రాఫిక్స్‌తోనే తేలిగ్గా తెరుస్తాయి. ఏఎండీ చిప్పులోని చిన్న గ్రాఫిక్స్ దాన్ని తెరవలేదు, భారమంతా కోర్ల మీద పడి టైమ్‌లైన్ తడబడుతుంది. కాబట్టి స్టూడియోకైతే ఐ5-14500 తరగతి గానీ, కొత్త కోర్ అల్ట్రా 200 చిప్పుల్లో ఒకటి గానీ చూడండి.

ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. ఇంటెల్ చిప్పు పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. కొంచెం ధర తగ్గుతుందని ఎఫ్ చిప్పు అంటగడతారు, వద్దనండి. రైజెన్ 5 7500ఎఫ్ కూడా అంతే. పాత ఏఎమ్4లో 5600, 5700ఎక్స్‌లకు కూడా సొంత గ్రాఫిక్స్ లేదు. మొదట చెప్పిన రెండో సూత్రం ఇక్కడ పనికొస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పాడై వారంటీకి పంపితే రెండు మూడు వారాలు పట్టొచ్చు. చిప్పులో గ్రాఫిక్స్ ఉంటే కేబుల్ తీసి మదర్‌బోర్డుకు పెట్టుకుని ఆ మధ్యాహ్నమే పని మొదలెట్టొచ్చు. లేకపోతే దుకాణం మూసుకోవడమే.

ర్యామ్: రెండు కర్రలు, ఒకేసారి

సేవా కేంద్రానికి, మామూలు డీటీపీకి 16 జీబీ కనీసం. ఆల్బమ్ డిజైనింగ్‌కు 32. వీడియో ఎడిటింగ్ కానీ వర్చువల్ మిషన్ కానీ ఉంటే 32తో మొదలుపెట్టి 64కు చోటుంచుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు చాలా పెరిగాయి, పాత బడ్జెట్ లెక్కలు ఇప్పుడు పనికిరావు. అయినా ప్రాసెసర్ ఒక మెట్టు దించైనా ర్యామ్ దగ్గర తగ్గొద్దంటాను.

ఒక్క 32 జీబీ కర్ర కంటే 16 జీబీవి రెండు వేస్తే మెమరీ రెండు దారుల్లో నడుస్తుంది, వేగం పెరుగుతుంది. రెండో కారణం మన సూత్రమే. రెండింట్లో ఒకటి పోతే రెండోదానితో మిషన్ నడుస్తుంది. కొనేటప్పుడు రెండూ కలిపి ఒకే డబ్బాలో వచ్చే జత తీసుకోండి. ఏఎమ్5లో నాలుగు కర్రలు వేయకండి. రెండు కర్రలతో 5200 లేదా 5600 వేగానికి అధికారిక హామీ ఉంటే, నాలుగు వేస్తే ఆ హామీ 3600కు పడిపోతుంది. రేపు 64 కావాలనుకుంటే ఇవాళ్టి జత అమ్మి 32 జీబీల జత కొనాలన్నమాట, ఆ లెక్క ముందే వేసుకోండి. బిగించాక బయోస్‌లో ర్యామ్ వేగపు సెట్టింగు ఎక్స్ఎంపీ (ఇంటెల్) లేదా ఎక్స్‌పో (ఏఎండీ) ఆన్ చేయకపోతే డీడీఆర్5 ర్యామ్ డబ్బా మీద రాసిన వేగంతో నడవదు. ఈ చిన్న పని మరచిపోయిన మిషన్లు మన ఊళ్లలో ఎన్నో.

పాత తెలుగు, ఒడియా ఫాంట్ల గొడవ ఇక్కడే చెప్పాలి. తెలుగు టైపింగ్‌కు వాడే పాత 'అను' సాఫ్ట్‌వేర్ గానీ, ఒడియాకు వాడే పాత ఆకృతి గానీ కొత్త విండోస్‌లో మొండికేస్తే, వాటి కోసం పాత కంప్యూటర్‌ను మూల కూర్చోబెట్టుకునే వాళ్లున్నారు. అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో మీ దగ్గరున్న లైసెన్సుతో పాత విండోస్ ఎక్కించి, రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్ ఇచ్చి, పాత సాఫ్ట్‌వేర్‌ను అందులో నడపండి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు కోసం పెట్టే డాంగిల్ ఉంటే యూఎస్‌బీ ద్వారా లోపలికి అందించే వీలుంది. ఆ పాత విండోస్‌కు ఇంటర్నెట్ మాత్రం ఆపేయండి. ఒక మిషన్, ఒక యూపీఎస్, ఒక బల్ల మిగులుతాయి. ఇందుకోసమే 32 జీబీ అంటున్నాను.

మదర్‌బోర్డు

ఇంటెల్ 12 నుంచి 14 తరాలకు బీ760, కోర్ అల్ట్రా 200కు బీ860, ఏఎండీకి బీ650 లేదా బీ850 తరగతి చాలు. హెచ్610 బోర్డు చవకే, కానీ దాంట్లో ర్యామ్ స్లాట్లు రెండే, ఎస్ఎస్‌డీ స్లాటు సాధారణంగా ఒకటే, అదీ పాత జెన్3 (మూడో తరం) వేగం. సేవా కేంద్రానికి సర్దుకోవచ్చు, స్టూడియోకి వద్దు. ఇంటెల్ 12 నుంచి 14 తరాల బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు, ర్యామ్ కొనే ముందు బోర్డు పేరు చివరిదాకా చదవండి. ప్రాసెసర్ చుట్టూ కరెంటు అందించే భాగాల మీద లోహపు హీట్‌సింక్ ఉందో లేదో ఫొటోలో చూడండి. వేసవిలో గంటల తరబడి రెండర్ వేసేవాళ్లకు అది తప్పనిసరి. వెనకాల యూఎస్‌బీ పోర్టులు లెక్కపెట్టండి. కీబోర్డు, మౌస్, రెండు ప్రింటర్లు, స్కానర్, వేలిముద్ర యంత్రం, ఐరిస్ యంత్రం, డాంగిల్, అప్పుడే ఎనిమిది అయ్యాయి.

ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్

విండోస్‌కు, నడుస్తున్న పనికి బోర్డు మీదే బిగించే ఎన్వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ ఉండాలి. తీగతో తగిలించే పాత రకం సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు దాదాపు 550 ఎంబీ చదివితే, జెన్3 ఎన్వీఎమ్ఈ 3,500, మంచి జెన్4 రకం 7,000 దాకా చదువుతుంది. మామూలు పనిలో జెన్3కూ జెన్4కూ తేడా కంటికి ఆనదు, హార్డ్ డిస్క్‌కూ ఎస్ఎస్‌డీకీ తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేగం అంకెల వెంట పడకుండా ఒక్కో గడిలో మూడు బిట్లు దాచే టీఎల్‌సీ రకమా, నాలుగు దాచే క్యూఎల్‌సీ రకమా అడగండి. క్యూఎల్‌సీ మీద పెద్ద ఫుటేజీ ఎక్కిస్తుంటే కొంతసేపటికి వేగం బాగా పడిపోతుంది, ఆయుష్షూ తక్కువ. మంచి 1 టీబీ టీఎల్‌సీ డిస్కుకు 600 టీబీ రాతల దాకా హామీ ఉంటుంది. స్టూడియో వాళ్లు రెండు పెట్టుకోండి, ఒకటి విండోస్‌కు, రెండోది నడుస్తున్న పెళ్లి ఫుటేజీకి, ఫొటోషాప్ తాత్కాలిక ఫైళ్లు దాచే స్క్రాచ్‌కు.

పూర్తయిన పనులు దాచడానికి హార్డ్ డిస్కే చవక. ఇక్కడ తుఫానుల సంగతి గుర్తు చేస్తాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఒకే గదిలో ఉన్న మూడు కాపీలు మూడు కాపీలు కావు. కస్టమర్ పెళ్లి ఫొటోలు మళ్లీ తీయలేం. మూడు కాపీలు, రెండు రకాల డిస్కుల మీద, అందులో ఒకటి వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండాలి. అక్టోబరు రాకముందే ఆ డిస్కును తాజా చేసి పంపండి.

గ్రాఫిక్స్ కార్డు

సేవా కేంద్రానికి, డీటీపీకి, ట్యాలీకి అక్కర్లేదు. రెండు మానిటర్లు చిప్పులోని గ్రాఫిక్స్‌తోనే నడుస్తాయి, బోర్డు మీద హెచ్‌డీఎమ్ఐ, డిస్‌ప్లే పోర్టు రెండూ ఉంటే చాలు. నిజానికి మల్టీటాస్కింగ్‌కు రెండో మానిటర్ ఇచ్చే సుఖం గ్రాఫిక్స్ కార్డు ఇవ్వదు. ప్రీమియర్, డావిన్సీ వంటి సాఫ్ట్‌వేర్‌తో వీడియో పనులుంటే ఆర్టీఎక్స్ 5060 తరగతి చూడండి. ఎన్‌విడియా 50 సిరీస్ కార్డులు 4:2:2 ఫుటేజీని కూడా తెరుస్తాయి, కాబట్టి ఈ కార్డు కొనే స్తోమత ఉంటే రైజెన్ 7 7700తో కూడా స్టూడియో మిషన్ కట్టుకోవచ్చు. డావిన్సీ వాడేవాళ్లకు 8 జీబీ కార్డు కంటే 16 జీబీ ఉన్న 5060 టీఐ మంచిది.

కరెంటు: ఇక్కడ తగ్గితే మిగతాదంతా దండగ

వర్షాకాలంలో, ఈదురుగాలుల్లో, పక్క వీధిలో వెల్డింగ్ నడిచేటప్పుడు మన లైన్లలో వోల్టేజీ ఎలా ఊగుతుందో అందరికీ తెలుసు. మిషన్‌కు తెచ్చిన డబ్బులో కనీసం ఆరో వంతు కరెంటు భాగానికి పక్కన పెట్టండి.

మిషన్ లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌తో మొదలుపెడదాం. క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ వద్దు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ లేదా గోల్డ్ ముద్ర ఉన్నది, అయిదేళ్లు ఆ పైన వారంటీ ఉన్నది తీసుకోండి. కార్డు లేని మిషన్‌కు 450 వాట్లు, 5060తో 550, 5060 టీఐతో 600 నుంచి 650 చాలు. వెయ్యి వాట్లదంటూ పెద్ద అంకె చూపించి నాసిరకం అంటగట్టేవాళ్లుంటారు, ముద్ర చూడండి.

యూపీఎస్ లెక్క ఇలా వేయండి. ప్రాసెసర్ 88 వాట్లు, 5060 కార్డు 145, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి 50, మానిటర్ 30, మొత్తం 313. మామూలు 600 వీఏ యూపీఎస్ అసలు ఇవ్వగలిగేది 360 వాట్లే, ఇంత బరువు మీద అది నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. 1000 నుంచి 1100 వీఏ తీసుకోండి. కార్డు లేని మిషన్‌కు 600 చాలు. మంచి ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉంటుంది. కొన్ని చవక యూపీఎస్‌లు బ్యాటరీకి మారగానే ఇచ్చే గరుకు తరంగం దానికి పడక మిషన్ ఆగిపోతుంది. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్‌కు ఆ బాధ ఉండదు. కొనేచోటే ప్లగ్ పీకి చూపించమనండి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించొద్దు. అందులోని ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ ట్రిప్ అవుతుంది, బ్యాటరీ పాడవుతుంది. యూపీఎస్ బ్యాటరీకి వేడి శత్రువు, రేకుల గదిలో పెడితే రెండేళ్లు కూడా రాకపోవచ్చు.

ఎర్తింగ్‌ను చాలామంది గాలికొదిలేస్తారు. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి సన్నగా జివ్వుమంటే మీ ఎర్తింగ్ పని చేయడం లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి, రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువ చూపిస్తే ఎర్త్ గొయ్యి బాగుచేయించాలి. వేసవిలో ఆ గొయ్యిలో నీళ్లు పోస్తూ ఉండాలి. లక్ష రూపాయల మిషన్ పెట్టి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో దూర్చడం చూస్తే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గే కాదు, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి. పిడుగు దెబ్బకు బోర్డులు పోయేది చాలాసార్లు ఆ లాన్ తీగ దారినే.

వేడి, దుమ్ము, క్యాబినెట్

గదిలో 40 డిగ్రీలుంటే ప్రాసెసర్ కూడా ఏసీ గదిలో కంటే ఆ మేరకు ఎక్కువ వేడిలో నడుస్తుంది. ముందువైపు అద్దం ఉన్న అందమైన క్యాబినెట్ వద్దు, జాలీ ఉన్నది, జాలీ వెనక తీసి కడిగే ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. వాటర్ కూలర్ మన వైపు వద్దంటాను. దాని పంపు ఆగితే ఊళ్లో బాగుచేసేవాళ్లు లేరు. గాలి కూలర్ ఫ్యాను పోతే ఆ సాయంత్రమే ఇంకో ఫ్యాను కట్టుకోవచ్చు. వెనక ఖాళీగా ఉన్న స్లాట్ల రేకులు తీసేసి వదలొద్దు, బల్లులు, చీమలు దూరి బోర్డు షార్ట్ చేస్తాయి. ఫ్యాన్లు బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి.

మూడు రకాల మిషన్లు

సేవా కేంద్రం, ట్యాలీ, మామూలు డీటీపీ: ఐ5-12400 గానీ రైజెన్ 5 7600 గానీ, 8 జీబీలవి రెండు కర్రలు, 500 జీబీ ఎన్వీఎమ్ఈ, కార్డు లేకుండా, 450 వాట్ల ఎస్ఎంపీఎస్, 600 వీఏ యూపీఎస్. డబ్బు మిగిలితే రెండో మానిటర్.

ఆల్బమ్ డిజైనింగ్, రెండు భాషల ప్రింటింగ్, పాత ఫాంట్ల వర్చువల్ మిషన్: రైజెన్ 7 7700, 32 జీబీ, 1 టీబీ టీఎల్‌సీ, రంగులు నమ్మదగ్గ ఐపీఎస్ మానిటర్. నూటికి డెబ్బై మందికి నేను చెప్పేది ఇదే.

వీడియో స్టూడియో: ఎడియస్ అయితే ఐ5-14500, ప్రీమియర్, డావిన్సీ అయితే 7700తో 5060 టీఐ 16 జీబీ. 32 నుంచి 64 జీబీ ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలు, ఒక పెద్ద హార్డ్ డిస్క్, 1100 వీఏ యూపీఎస్.

కొనడం, తేవడం, పరీక్షించడం

రాయగడ, గుణుపురం వైపు వాళ్లు విశాఖ వెళ్తారు, బరంపురం వైపు వాళ్లకు భువనేశ్వర్ కూడా దగ్గరే. మహారాష్ట్ర సరిహద్దులో సిరోంచా, రాజురా, ధర్మాబాద్ వైపు మనవాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరో నాగపూరో. ఎక్కడ కొన్నా బిల్లు లేకుండా కొనకండి. వారంటీకి ఆధారం బిల్లే. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించుకోండి. డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ వద్దు, డబ్బాలో వచ్చిన దానికే కంపెనీ మూడేళ్ల వారంటీ నేరుగా వర్తిస్తుంది. కంప్యూటర్ భాగాల మీద జీఎస్టీ 18 శాతం. మీకు జీఎస్టీ నంబరు ఉంటే బిల్లు మీద వేయించుకోండి, ఒడిశాది 21తో, మహారాష్ట్రది 27తో మొదలవుతుంది. పక్క రాష్ట్రం నుంచి మీ చిరునామాకు తెప్పించుకుంటే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల జీఎస్టీ) బిల్లు వస్తుంది, ఆ పన్ను మీ లెక్కలో తిరిగి జమ చేసుకోవచ్చు.

బిగించిన మిషన్‌ను రైల్లో తెస్తుంటే గ్రాఫిక్స్ కార్డు విప్పి దాని డబ్బాలోనే తేండి. పెద్ద కూలర్ ఉంటే అదీ విప్పండి, కుదుపులకు బోర్డు వంగుతుంది. ఖాళీ డబ్బాలన్నీ ఇంట్లో దాచండి, రేపు వారంటీకి పంపాలంటే అవే కావాలి.

దుకాణంలోనే పరీక్ష పెట్టించండి. ప్రాసెసర్‌ను పూర్తి బరువుతో పరీక్షించే సినీబెంచ్ అరగంట ఆపకుండా నడిపి ఉష్ణోగ్రత చూడండి, రైజెన్ 7000 చిప్పుకు 95 డిగ్రీలు హద్దు. ఏసీ షోరూములోనే 90 తాకితే మన దగ్గర నిలవదు, కూలర్ మార్పించండి. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది, వందల గంటలు చూపిస్తే అది కొత్తది కాదు. ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపాలి, అది ఇంటికొచ్చాక మొదటి రాత్రే చేయండి, ఒక్క తప్పు కనబడినా ర్యామ్ వెనక్కి ఇచ్చేయాలి. తర్వాత వారం రోజులు మీ అసలు పనినంతా ఈ మిషన్ మీద వేసి, పాత మిషన్‌ను పక్కనే ఉంచుకోండి. మార్చి ఇచ్చే గడువు ఎన్నాళ్లో కొన్న రోజే అడిగి బిల్లు వెనక రాయించుకుంటే, ఏ లోపమున్నా ఆ గడువు దాటకముందే బయటపడుతుంది.